చచ్చిపోయినట్టు కల వస్తే

తెల్లవారుజాము నాలుగున్నర. మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. ఒళ్ళంతా చెమట. కలలో నాన్నని పాడె మీద పడుకోబెట్టారు. పక్క గదిలోంచి నాన్న గురక వినిపిస్తూనే ఉన్నా నమ్మకం చాలదు. వెళ్ళి గుమ్మంలో నిలబడి, దుప్పటి పైకీ కిందికీ కదలడం కళ్ళారా చూస్తే గానీ గుండె దిటవు పడదు. నాన్న వేరే ఊళ్ళో ఉంటే ఫోన్ చేస్తాడు. "ఏంట్రా ఇంత పొద్దున్నే?" అని ఆయన అడిగితే "ఏం లేదు, ఊరికే చేశా" అంటాడు. కల సంగతి మాత్రం చెప్పడు. బయటికి అంటే ఎక్కడ నిజమవుతుందో అని భయం. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ తెల్లవారుజామైతే ఇక్కడ మధ్యాహ్నం. అమ్మ భోంచేసి కునుకు తీస్తూ ఫోన్ ఎత్తకపోతే ఆ పావుగంట ఎలా గడుస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇలాంటి కల గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే వెంటనే వచ్చే జవాబు: "చచ్చిపోయినట్టు కల వస్తే ఆయుష్షు పెరుగుతుందిలే, పడుకో." చాలా దయగల జవాబు ఇది. కానీ ఆ ఇంట్లోనే దీనికి ఎదురు తిరిగే మాటలు కూడా ఉంటాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. పళ్ళు ఊడినట్టు కల వస్తే దగ్గరివాళ్ళెవరో పోతారంటారు. కలలో పెళ్ళి కనిపిస్తే చావు కబురు వింటారంటారు. పోయినవాళ్ళు కలలోకి వచ్చి పిలిస్తే వెంట వెళ్ళకూడదంటారు. వీటిలో ఏది నమ్మాలి? ఒక్కో నమ్మకం ఎక్కడ పుట్టిందో, దాని వెనకాల ఒంట్లో ఏం జరుగుతుందో విడివిడిగా చూస్తే భయం చాలావరకు దానంతటదే సడలుతుంది. చివరికి మిగిలే ప్రశ్న ఒక్కటే. ఆ కలకీ రేపు జరగబోయేదానికీ సంబంధం ఉందా, లేక ఆ మనిషి మనకి ఎంత ముఖ్యమో అన్నదానికీ కలకీ సంబంధం ఉందా?

మరణాన్ని సూచించే కల అనగానే రామాయణం గుర్తొస్తుంది. కేకయ రాజ్యంలో మేనమామ ఇంట ఉన్న భరతుడికి ఒక రాత్రి తెల్లవారబోతుండగా కల వస్తుంది. తండ్రి దశరథుడు మాసిన ఒంటితో, విరబోసుకున్న జుట్టుతో, కొండ శిఖరం మీంచి పేడ మడుగులో పడిపోతాడు. దోసిలితో నూనె తాగుతాడు. నూనెలో మునుగుతాడు. ఎర్రటి పూలదండలు వేసుకుని గాడిదలు కట్టిన రథం మీద దక్షిణ దిక్కుగా వెళ్ళిపోతాడు. పొద్దున స్నేహితులు భరతుణ్ణి ఉత్సాహపరచాలని పాటలు పాడతారు, నాట్యాలు చేస్తారు. అతని ముఖం మాత్రం తేరుకోదు. భయపడాల్సిన కారణమేదీ కనబడటం లేదు, అయినా భయం వేస్తోందంటాడు. పీడకల తర్వాతి ఉదయం మనిషి ఎలా ఉంటాడో ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ఈ కథలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. భరతుడికి ఆ కల వచ్చేసరికి దశరథుడు చనిపోయి రోజులు గడిచాయి. దూతలు ఆ రాత్రే ఊళ్ళోకి వచ్చారు. కొడుకులెవరూ దగ్గర లేనందువల్ల అంత్యక్రియలు ఆపి, దశరథుడి శరీరాన్ని అయోధ్యలో నూనె నింపిన తొట్టెలో భద్రపరిచారు. కలలో తండ్రి నూనెలో మునగడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. కవి అక్కడ భవిష్యత్తు చెప్పడం లేదు. జరిగిపోయిన నష్టాన్ని, ఇంకా కబురు అందని కొడుకు మనసుకి అందిస్తున్నాడు. లంకలో త్రిజటకి వచ్చిన కల ఇంకో రకం. అందులోనూ రావణుడు నున్నగా గొరిగిన తలతో, ఒంటి నిండా నూనెతో, ఎర్రబట్టలతో, గాడిదల మీద దక్షిణానికే వెళ్తాడు. కానీ అశోకవనంలో ప్రాణం మీద ఆశ వదులుకుంటున్న సీతకి ఆ కల ఊరటనిచ్చింది. అదే దిక్కు, అదే నూనె, అదే గాడిద. ఎవరికి వచ్చింది, ఎవరి గురించి వచ్చింది అన్నదాన్ని బట్టి ఒకచోట దుఃఖం, ఇంకోచోట ధైర్యం.

మన వైద్య గ్రంథాల్లో ఈ కలల ప్రస్తావన ఇంకా వివరంగా ఉంది. చరక సంహితలో ఇంద్రియస్థానం అనే భాగం ఉంది. మంచాన పడిన రోగి బతుకుతాడా లేదా అన్నది వైద్యుడు పోల్చుకోవడానికి పనికొచ్చే గుర్తులన్నీ అందులో ఉంటాయి. కలలు కూడా ఆ గుర్తుల్లో ఒకటి. అంటే ఆ వాక్యాలు రాసింది రోగి పక్కన కూర్చున్న వైద్యుడి కోసం. రాత్రి బిర్యానీ తిని పడుకున్నవాడు తానే చదువుకుని భయపడటానికి కాదు. ఈ సందర్భాన్ని వదిలేసి "శాస్త్రంలో ఇలా ఉంది" అని వాట్సాప్‌లో పంపడం వల్ల ఎంతమంది ఇళ్ళలో నిద్ర చెడిందో.

ఆ భాగంలోనే చరకుడు కలల్ని ఏడు రకాలుగా విడదీశాడు. చూసినదాని వల్ల వచ్చేది దృష్టం. విన్నదాని వల్ల వచ్చేది శ్రుతం. స్వయంగా అనుభవించినదాని వల్ల వచ్చేది అనుభూతం. కోరుకున్నదాని వల్ల వచ్చేది ప్రార్థితం. ఊహించుకున్నదాని వల్ల వచ్చేది కల్పితం. జరగబోయేదాన్ని సూచించేది భావికం. వాత పిత్త కఫాలు చెడటం వల్ల వచ్చేది దోషజం. ఈ ఏడింటిలో మొదటి ఐదూ ఫలించవని ఆయన తేల్చి చెప్పాడు. పగటి నిద్రలో వచ్చేవి, మరీ చిన్నవి, మరీ పొడుగువి కూడా ఫలించవన్నాడు. చెడ్డ కల తర్వాత వెంటనే మంచి కల వస్తే మంచి ఫలమే అన్నాడు.

ఈ జల్లెడలో ఈ కాలపు కలల్ని వేసి చూడండి. పడుకునే ముందు ఫోన్‌లో రోడ్డు ప్రమాదం వీడియో చూసినవాడి కల దృష్టం. పక్కింటి ఆయనకి గుండెపోటు వచ్చిందని విన్నవాడి కల శ్రుతం. ఆసుపత్రి వరండాలో వారం రోజులు పడిగాపులు పడినవాడిది అనుభూతం. నాన్నకి ఏమైనా అయితే ఎలా అని రోజూ బెంగపడేవాడిది కల్పితం. చావు కలల్లో ఎక్కువ భాగం ఇక్కడే మిగిలిపోతాయి. భావికం అనే గది చరకుడు తెరిచే ఉంచాడు, నిజమే. కానీ అక్కడికి చేరేలోపు ఎన్ని కలల్ని పక్కకి తోసేశాడో చూస్తే, కల రాగానే జాతకం చూపించుకోవడానికి పరుగెత్తేవాళ్ళకంటే ఆయన ఎంత జాగ్రత్తపరుడో తెలుస్తుంది.

ఇక పెళ్ళి, చావు ఒకదానికొకటి గుర్తుగా నిలబడే నమ్మకం. ఇది తెలుగువాళ్ళ సొంతమని అనిపిస్తుంది గానీ, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో గ్రీకు భాషలో కలల మీద పుస్తకం రాసిన ఆర్టెమిడోరస్ కూడా అచ్చం ఇదే రాశాడు. పెళ్ళికాని వాడు కలలో చనిపోతే పెళ్ళవుతుందని, జబ్బు మనిషి కలలో పెళ్ళి చేసుకుంటే మరణమని అన్నాడు. రెండూ జీవితంలో ఒక దశని ముగించేవే కాబట్టి ఒకటి ఇంకొకదానికి సంకేతమని కారణం కూడా చెప్పాడు. మన ఊళ్ళలో అయితే ఆ పోలిక కళ్ళ ముందే ఉంటుంది. స్నానం చేయించడం, కొత్త బట్ట, పసుపు కుంకుమలు, పూలదండలు, డప్పులు, మనిషిని మోసుకుంటూ ఊరేగింపు, చుట్టాలందరూ ఒకచోట చేరడం. రెండు సందర్భాల్లోనూ ఇల్లు ఒక మనిషిని సాగనంపుతుంది. కూతురి పెళ్ళి దగ్గర పడుతున్న తల్లికి, ఆ కూతురు చనిపోయినట్టు కల వస్తే బెంబేలెత్తాల్సిన పని లేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో తిరిగిన పిల్ల ఇకమీదట ఆ ఇంట్లో ఉండదన్న బాధ ఎప్పటినుంచో లోపల ఉంది. పెళ్ళి పనుల హడావిడిలో పగలు ఏడవడానికి తీరిక దొరకలేదు. అంతే.

పళ్ళు ఊడే కల గురించీ ఆర్టెమిడోరస్ చెప్పాడు. నోరు ఇల్లు లాంటిది, పళ్ళు ఆ ఇంట్లో మనుషులు, కాబట్టి పన్ను పోతే మనిషి పోతాడని. మన దగ్గరా అదే మాట. దీన్ని ఇజ్రాయెల్‌లో పరిశోధకులు 2018లో పరీక్షించి చూశారు. రెండు వందల పైచిలుకు మందిని అడిగితే, పళ్ళు ఊడే కలలకి మానసిక వేదనతో చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. నిద్ర లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉండటం, పళ్ళు, చిగుళ్ళు సలపడం వీటితో మాత్రం సంబంధం కనబడింది. అంటే నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవాళ్ళలో నోటి లోపలి ఒత్తిడిని మెదడు కలగా మార్చుకుంటూ ఉండవచ్చు. ఈ కల పదేపదే వస్తుంటే శాంతి చేయించడం కంటే పళ్ళ డాక్టరుకి చూపించుకోవడం మేలు. రాత్రిళ్ళు పళ్ళు కొరకడం వల్ల అరిగిపోయిన దంతాలు ఆయన చూడగానే పట్టేస్తారు.

తెల్లవారుజాము కలకి ఎందుకంత విలువ వచ్చిందన్నదానికి కూడా జవాబు నిద్రలోనే ఉంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని కనిపెట్టారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. ఆ దశలో లేపి అడిగితే చాలామంది కల వస్తోందనే చెప్తారు. రాత్రంతా సుమారు తొంభై నిమిషాలకోసారి ఈ దశ తిరిగి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు పది నిమిషాలకి మించి ఉండకపోవచ్చు. రాత్రి గడిచేకొద్దీ పెరుగుతూ, తెల్లవారేసరికి అరగంట కూడా దాటవచ్చు. కాబట్టి తెల్లవారుజాము కల పొడుగ్గా, కథలాగా, రంగులతో ఉంటుంది. దాని మధ్యలోంచే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటుంది. రాత్రి పదకొండున్నరకి వచ్చిన కలలు ఎన్నో పొద్దుటికి మిగలవు. గుర్తున్నవాటిలోనే కొన్ని నిజమైనట్టు అనిపిస్తాయి కాబట్టి, తెల్లవారుజాము కలలు నిజమవుతాయన్న మాట నిలబడిపోయింది.

ఆ దశలో మెదడు పనిచేసే తీరు కూడా చావు కలకి అంత బలం రావడానికి కారణం. భయాన్ని, దుఃఖాన్ని పుట్టించే లోపలి భాగాలు మెలకువలో కంటే చురుగ్గా ఉంటాయి. నుదుటి వెనక ఉండి "ఆగు, ఇది నిజమేనా" అని నిలదీసే భాగం మందగిస్తుంది. అందుకే కలలో చనిపోయిన తాతయ్య వచ్చి నాన్న చావు కబురు చెప్తే, తాతయ్య ఎలా వచ్చాడని ఎవరూ అడగరు. ఏడుపు మాత్రం పూర్తి నిజం. దిండు తడుస్తుంది, గుండె దడదడలాడుతుంది. లేచాక కూడా ఆ బాధ కాసేపు ఒంట్లోనే ఉంటుంది. కథ అబద్ధమని తెలిసినా కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి కాబట్టి, కల కూడా నిజమేమో అన్న అనుమానం పీకుతుంది. అదే దశలో కండరాలు కూడా సడలిపోయి కదలకుండా ఉంటాయి. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఆ స్థితి వదలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, అరుద్దామన్నా గొంతు పెగలనట్టు ఉంటుంది. దయ్యం పట్టిందని భయపడేది దీన్ని చూసే. కాసేపటికి దానంతటదే వదులుతుంది.

ఇన్ని విషయాలుండగా చావే ఎందుకు కలలోకి రావాలి? ఫిన్‌లాండ్‌కి చెందిన ఆంటీ రెవోన్సువో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ఒక వివరణ ఇచ్చాడు. ప్రమాదాలు ఎదురైనప్పుడు ఎలా తప్పించుకోవాలో మెదడు నిద్రలో సాధన చేస్తుందని, ఆ సాధనే పీడకల అని ఆయన వాదన. పులి తరమడం, నీళ్ళలో మునిగిపోవడం లాంటి కలలకి ఇది బాగా అతుకుతుంది. అమ్మ చనిపోయిన కలకి అంతగా అతకదు. అక్కడ తప్పించుకోవడానికి ఏముంది? అక్కడ సాధన చేసేది వేరు. మనకి అత్యంత అవసరమైన మనిషి లేకుండా ఒక పూట గడపడం ఎలా ఉంటుందో మెదడు ముందే రుచి చూస్తుంది. అందుకే ఈ కలలు ఎవరికి, ఎప్పుడు వస్తాయో గమనిస్తే ఒక తీరు కనబడుతుంది. హాస్టల్లో కొత్తగా చేరిన ఇంటర్ పిల్లలకి వస్తాయి. మొదటి కాన్పు దగ్గరపడిన వాళ్ళకి, పసిబిడ్డ ఉన్న తల్లులకి వస్తాయి. నాన్నకి షుగరో గుండె జబ్బో బయటపడిన నెలలో వస్తాయి. దుబాయ్‌కి విమానం ఎక్కబోయే వారంలో వస్తాయి. విడిపోవడం, బాధ్యత పెరగడం, చేతిలో లేనిదేదో జరగడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అక్కడ ఉంటుంది.

మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ పేరు ఇక్కడ తప్పదు. 1900 సంవత్సరం వేసుకుని వచ్చిన ఆయన కలల పుస్తకంలో, ఆప్తులు చనిపోయే కలల్ని రెండుగా విడదీశాడు. దుఃఖం కలిగే కలలు, అసలు దుఃఖమే కలగని కలలు. దుఃఖం కలగని కల అసలు చావు గురించినది కాదని, ఇంకేదో కోరిక ముసుగేసుకుని వచ్చిందని ఆయన అన్నాడు. దానికి ఆయన చెప్పిన ఉదాహరణ ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఒక యువతికి అక్క కొడుకు శవపేటికలో పడుకుని ఉన్నట్టు కల వస్తుంది. ఆమెకి కలలో బాధే వేయలేదు. నేనంత దుర్మార్గురాలినా అని హడలిపోతుంది. విషయం ఏమిటంటే, అంతకుముందు ఆ అక్క పెద్ద కొడుకు చనిపోయినప్పుడు, తాను ప్రేమించి దూరమైన మనిషి ఆ ఇంటికి పరామర్శకి వచ్చాడు. అతన్ని మళ్ళీ చూడాలన్న ఆశ ఆమెలో ఉంది. అతను కనబడిన సందర్భాన్నే కల మళ్ళీ నిర్మించింది. పిల్లవాడి చావు ఆమె కోరుకున్నది కాదు.

దుఃఖం కలిగే కలల గురించి ఫ్రాయిడ్ చెప్పింది మాత్రం ఒప్పుకోవడం కష్టం. చిన్నప్పుడెప్పుడో ఆ మనిషి పోవాలని కోరుకున్నందువల్లే ఆ కల వస్తుందన్నాడు. దీనికి ఆధారాలు నిలబడలేదు. పైగా ఈ మాట సగం సగం విన్నవాళ్ళు అనవసరంగా తమని తామే నిందించుకుంటారు. అత్తగారు చనిపోయినట్టు కల వచ్చిన కోడలు, మంచానపడిన తండ్రికి ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న కొడుకు, కలలో ఆయన పోతే "హమ్మయ్య" అనిపించి లేచాక సిగ్గుతో కుమిలిపోయేవాడు, వీళ్ళెవరూ పాపం చేయలేదు. ఏళ్ళ తరబడి నిద్రలేని ఒళ్ళు విశ్రాంతి అడుగుతోంది. మూడు రోజులైనా చెల్లెలో తమ్ముడో వచ్చి ఆ మంచం పక్కన కూర్చుంటే, ఆ కొడుకు కాస్త పడుకోగలిగితే, ఆ కల అడిగింది దొరికినట్టే.

తానే చనిపోయినట్టు వచ్చే కల తీరే వేరు. అందులో చాలాసార్లు మనిషి పక్కన నిలబడి తన శవాన్ని తానే చూస్తుంటాడు. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు రాలేదు అని లెక్క పెడతాడు. అంటే చూసే మనిషి చావలేదు. ఉద్యోగం మానేసినప్పుడు, విడాకుల సమయంలో, రిటైరయ్యాక, ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఈ కలలు వస్తుంటాయి. పాత జీవితం ఒకటి ముగిసిందనడానికి గుర్తుగా వీటిని మనస్తత్వవేత్త యూంగ్ అనుచరులు చదువుతారు. అన్ని కలలకీ దీన్నే అతికించడం అతి అవుతుంది. కానీ ఆ రోజుల్లో ఏం మారిందో ఒకసారి తరచి చూసుకోవడానికి ఈ చూపు పనికొస్తుంది. కలలో చనిపోతే నిజంగానే నిద్రలో ప్రాణం పోతుందని ఒక భయం పిల్లల్లో బాగా ఉంటుంది. కలలో తాము చచ్చిపోయామని పొద్దున లేచి చెప్పినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు కదా, దానికి అదే జవాబు.

"మరి నిజంగా జరిగినవాటి సంగతేమిటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కల వచ్చిన మర్నాడే పెదనాన్న పోయాడని, అది కళ్ళారా చూశామని. ఆ అనుభవాన్ని కొట్టిపారేయకూడదు, కొంచెం లెక్క వేసి చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు తొమ్మిది కోట్ల మంది ఉన్నారు. రోజుకి వెయ్యి మందికి పైగానే చనిపోతారు. ఒక్కొక్కరికీ యాభై మంది దగ్గరివాళ్ళున్నారనుకుందాం. అంటే రోజుకి యాభై వేల మంది తమ మనిషిని పోగొట్టుకుంటున్నారు. ఆ యాభై వేల మందిలో ఒక్కొక్కరికి, ఆ మనిషి చనిపోయినట్టు పదేళ్ళకి ఒక్కసారి మాత్రమే కల వస్తుందనుకుందాం. పదేళ్ళంటే 3650 రాత్రులు. భాగహారం చేస్తే, ఏ మహిమా లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే రోజుకి పదమూడు పద్నాలుగు మందికి సరిగ్గా ముందు రాత్రే కల వచ్చి ఉంటుంది. ఏడాదికి ఐదు వేల మంది. పైగా పెదనాన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆయన గురించి కలలు ఎక్కువగానే వస్తాయి, అప్పుడే పోయే అవకాశమూ ఎక్కువే. ఆ ఐదు వేల కథలు ఊరూరా చెప్పుకుంటారు. కల వచ్చినా ఏమీ జరగని లక్షల రాత్రుల్ని ఎవరూ చెప్పుకోరు.

దీన్ని ఒకచోట గట్టిగానే పరీక్షించారు. 1966 అక్టోబర్ 21న వేల్స్ దేశంలోని ఆబర్‌ఫాన్ అనే గనుల ఊళ్ళో, బొగ్గు వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. ముందే కలలు వచ్చాయని కొందరు చెప్పుకోవడం విని జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు పత్రికలో ప్రకటన ఇచ్చాడు. 76 ఉత్తరాలు వచ్చాయి. అవన్నీ ప్రమాదం జరిగాక రాసినవి కాబట్టి, మరుసటి ఏడాది ఆయన ఇంకో పని చేశాడు. ఎవరికైనా ప్రమాదం జరగబోతున్నట్టు కల వస్తే ముందే రాసి పంపమని లండన్ పత్రికతో కలిసి ఒక కేంద్రం పెట్టాడు. జనం రాశారు. అలా ముందే రాసినవాటిలో ఎక్కువ భాగం ఎక్కడా జరగలేదు. తన హత్యని ముందే కలగన్నాడని అబ్రహాం లింకన్ గురించి చెప్పే కథ కూడా, 1865లో ఆ హత్య జరిగిన చాలా ఏళ్ళకి గానీ అచ్చులోకి రాలేదు. జరిగాక గుర్తు తెచ్చుకున్న కల, జరిగినదానికి తగ్గట్టు తెలియకుండానే కొంచెం కొంచెం సర్దుకుంటుంది. చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు, జ్ఞాపకం పనిచేసేదే అలా.

కొన్ని కలల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. భవిష్యత్తు కోసం కాదు, ఇప్పటి ఆరోగ్యం కోసం. కొత్తగా బీపీ మాత్ర మొదలుపెట్టాక పీడకలలు పెరిగితే డాక్టరుకి చెప్పాలి. బీటా బ్లాకర్ రకం మందులు కొందరిలో అలా చేస్తాయి. సొంతంగా మాత్ర ఆపేయకూడదు. రోజూ తాగే మనిషి మందు ఒక్కసారిగా మానేసినప్పుడు కూడా భయంకరమైన కలలు ముంచెత్తుతాయి. గొంతు నులిమినట్టు, నీళ్ళలో మునిగి ఊపిరాడనట్టు కలలొచ్చి లేచేవాళ్ళు, గట్టిగా గురకపెట్టే వాళ్ళైతే, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. వయసు మళ్ళినవాళ్ళు కలలో ఎవరితోనో కొట్లాడుతూ నిజంగానే చేతులు కాళ్ళు విసురుతుంటే, మంచం మీంచి కింద పడుతుంటే, నరాల డాక్టరుకి చూపించడం ఆలస్యం చేయకూడదు. అది ముందు ముందు రాబోయే పార్కిన్సన్స్ లాంటి జబ్బుకి తొలి గుర్తు కావచ్చు. కలలో జబ్బు సూచన ఉంటుందని చరకుడన్నది ఇలాంటి చోట్ల ఆశ్చర్యంగా సరిపోతుంది.

ప్రమాదంలోనో కోవిడ్ వార్డులోనో చావుని దగ్గరగా చూసినవాళ్ళకి అదే దృశ్యం నెలల తరబడి తిరిగి తిరిగి వస్తుంటే, దానికి చికిత్స ఉంది. పగలు, పూర్తి మెలకువలో, ఆ కలని కాగితం మీద రాసుకోవాలి. ఎక్కడైనా ఒకచోట కథని మనకి నచ్చినట్టు మార్చుకోవాలి. అంబులెన్స్ సమయానికి వచ్చినట్టు, తలుపు తెరుచుకున్నట్టు, ఏదైనా సరే. మార్చిన కథనే రోజూ పది ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని మనసులో నడిపించాలి. కొన్ని వారాల్లో పీడకలలు తగ్గడం చాలామందిలో కనబడింది. మన ఇళ్ళలో పడుకునే ముందు పిల్లల చేత "రామం స్కందం హనూమంతం" శ్లోకం చెప్పించడంలోనూ, గజేంద్రమోక్షం చదివితే దుస్స్వప్నాలు పోతాయనడంలోనూ దీనికి దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటిలోనూ నిద్రలోకి జారే ముందు మనసుకి రక్షణ దొరికే ఒక కథని అప్పగిస్తున్నారు. మొసలి నోట్లో కాలు ఇరుక్కుంది, అయినా చివరికి ఆదుకునేవాడు వచ్చాడు. ఇక, తానే ప్రాణం తీసుకున్నట్టు పదేపదే కలలొచ్చి, మెలకువలోనూ ఆ ఆలోచన వస్తుంటే అర్థాలు వెతుకుతూ కూర్చోకూడదు. ఆ రోజే దగ్గరివాళ్ళకి చెప్పాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చిన్నపిల్లలకి వచ్చే చావు కలల దగ్గర పెద్దవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి. ఆరేడేళ్ళ వయసులో చావంటే తిరిగి రాకపోవడం అని అప్పుడప్పుడే అర్థమవుతుంటుంది. అమ్మ చచ్చిపోయినట్టు కల వచ్చిందని ఏడ్చే పిల్లని "ఛీ, అలాంటి మాటలు అనకూడదు" అని గదమాయిస్తే, తాను అన్నందువల్లే ఏదో జరుగుతుందని నమ్మేస్తుంది. అమ్మ ఎదురుగా కూర్చుని, పూర్తిగా చెప్పనిచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుంటే చాలు. ఆయుష్షు పెరిగిందిలే అనే మాట ఇక్కడ బాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే వేరైన కల ఇంకొకటి మిగిలింది. నిజంగానే పోయినవాళ్ళు తిరిగి వచ్చే కల. వాళ్ళు ఆకలిగా ఉన్నట్టు కనిపిస్తే తద్దినం సరిగ్గా పెట్టలేదేమో అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ రోజు ఎవరికైనా అన్నం పెడతారు. పోయిన మనిషి పేరు మీద ఒక కడుపు నిండుతుంది, పెట్టినవాళ్ళ మనసు కుదుటపడుతుంది. దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పిలిస్తే వెళ్ళకూడదన్న భయం మాత్రం అక్కర్లేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌లో క్రిస్టఫర్ కెర్ బృందం 59 మంది రోగుల్ని రోజూ పలకరించి, వాళ్ళ కలల్ని నమోదు చేసి 2014లో ప్రచురించింది. ఎక్కువమందికి కనీసం ఒక కలైనా వచ్చింది. చివరి రోజులు దగ్గరపడేకొద్దీ, ఎప్పుడో చనిపోయిన తమవాళ్ళు కలలో కనబడటం పెరిగింది. ఆ కలలు వాళ్ళని భయపెట్టలేదు, మిగతా కలలన్నిటికంటే ఎక్కువ ఊరటనిచ్చాయి. మంచాన ఉన్న బామ్మ "రాత్రి మా అమ్మ వచ్చింది" అంటే మాట మార్చకుండా, ఏం కట్టుకుంది, ఏమంది అని అడిగితే ఆమె ముఖం ఎలా విప్పారుతుందో చూడవచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ కల తరచుగా తమ మనిషి పోయిన మొదటి ఏడాదిలో వస్తుంది. మొదట్లో జబ్బు ముఖంతో, ఆసుపత్రి బట్టలతో వస్తారు. నెలలు గడిచేకొద్దీ వయసు తగ్గి, ఒళ్ళు చేసి, నవ్వుతూ రావడం చాలామంది చెప్పే మాట. కలలో వాళ్ళకి తాము చనిపోయిన సంగతి తెలియదు. మనకి తెలుసు. చెప్పడానికి నోరు రాదు. అమ్మ వంటింట్లో పోపు వేస్తూ, "ఇంకా స్నానం చేయలేదా" అని విసుక్కుంటుంది. తెలిసీ తెలియనట్టు, తువ్వాలు అందుకుని వెళ్తాం.